కోదాడకు పచ్చడి పంపడానికి జీఎస్టీ నంబరా?

సంపాదకుల వారికి,

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లెటూరు. పొదుపు సంఘంలో కొందరం కలిసి ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. శ్రీకాకుళం నుంచి ఎవరైనా అడిగితే పెట్టె కట్టి పంపేస్తాం. ముప్పై కిలోమీటర్లు కూడా లేని కోదాడ నుంచి అడిగితే మాత్రం కుదరదని చెప్పాల్సి వస్తోంది. రాష్ట్రం దాటుతుంది కదా!

మన రాష్ట్రంలో సరుకు అమ్ముకునేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అదే సరుకు పక్క రాష్ట్రానికి పోతే, ఒక్క కిలో అయినా నమోదు తప్పదు. పోనీ చిన్న వ్యాపారులకని పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో చేరదామంటే, అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం బయట అమ్మకూడదట. ఇక మాకు మిగిలింది పెద్ద ఫ్యాక్టరీలు చేయించుకునే నమోదే. అమ్మకాలు లేకపోయినా రిటర్న్ (పన్ను లెక్కల పత్రం) వేయాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు కట్టాలి. ఆడిటర్ ఫీజు సరేసరి. మామిడికాయ వేసవిలోనే కాస్తుందని ఆ ఫారాలకేం తెలుసు?

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 2020లో చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకు మించకుండా ఇస్తున్నారు. సంఘం సభ్యురాలికి 40 వేల దాకా మూలధనమూ ఉంది. 2025 సెప్టెంబరులో పచ్చళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషమే. కానీ గ్రైండర్‌కు సాయం చేసి, పట్టిన పచ్చడిని పొలిమేర దాటనివ్వకపోతే ఎట్లా? మా పిల్లలు, చుట్టాలు, గిరాకీ అంతా హైదరాబాద్‌లోనే ఉంది.

చేతివృత్తుల వస్తువులకు ఈ పట్టింపు లేదు, పరిమితి లోపు అమ్మేవాళ్లు నమోదు లేకుండానే వేరే రాష్ట్రాలకు పంపుకోవచ్చు. సేవలు అందించేవాళ్లకు 20 లక్షల దాకా 2017 నుంచే మినహాయింపు ఉంది. బెజవాడలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి లెక్కలు రాసిపెట్టేవాళ్లకు ఉన్న వెసులుబాటు, పచ్చడి పట్టేవాళ్లకు ఎందుకు లేదు?

రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ జీఎస్టీ కౌన్సిల్‌లో కూర్చునేవాళ్లే. చిన్న ఆహార తయారీదారులకు కనీసం 20 లక్షల దాకా ఈ మినహాయింపు ఇవ్వమని ఇద్దరూ కలిసి అడగాలి. పన్ను ఎగ్గొడతారని అనుమానమైతే పార్శిల్ మీద పాన్ నంబరు, ఆహార భద్రత నమోదు నంబరు రాయమనండి. రెండోది సీసాల మీద ఇప్పటికే వేస్తున్నాం. కొత్త కాయ దిగేలోపు ఇది తేలిస్తే ఈ వేసవి ఆర్డర్లయినా వదులుకోనక్కర్లేదు.

– ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
జగ్గయ్యపేట మండలం, ఎన్టీఆర్ జిల్లా