పాత నాణేనికి ఏ పుస్తకం చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

పాత నాణేలు బయటపడ్డాయని మీ పేపర్లో వార్త వస్తే నేను ముందు ఫొటో చూస్తాను, ఆ తర్వాత బరువు రాశారేమోనని వెతుకుతాను. చాలాసార్లు ఒకవైపు ఫొటోనే ఉంటుంది, బరువు ఉండదు, ‘కొన్ని వందల ఏళ్ల నాటిది’ అన్న ముక్కతో వార్త అయిపోతుంది. అలాంటి వార్త వచ్చిన రోజు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి, మా దగ్గరా ఒకటుంది, పోల్చి చూసుకోవడానికి ఏదైనా పుస్తకం చెప్పండి అంటారు. మధ్యయుగం నాణేలకు గానీ, ఆ తర్వాత 1500 నుంచి 1800 దాకా వచ్చిన వాటికి గానీ ఒక్క పుస్తకం పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం కుదరదు. ఎందుకు కుదరదో, మరి ఏం చేయాలో చెబుదామనే ఈ ఉత్తరం.

చాలామంది మొదట కొనేది స్టాండర్డ్ కేటలాగ్ ఆఫ్ వరల్డ్ కాయిన్స్. మంచి పుస్తకమే. కానీ అది శతాబ్దానికో సంపుటంగా ఉంటుంది, వాటిలో మొదటిదే 1601లో మొదలవుతుంది. అంతకు ముందు నాణెం అందులో ఎంత వెతికినా దొరకదు. ఈ సంగతి తెలియక ఒక చిన్న వెండి బిళ్ల కోసం నేను ఎన్ని రాత్రులు ఆ పేజీలు తిప్పానో. అది ఇంగ్లండ్ పెన్నీ, వెనక పొట్టి శిలువ ఉంటుంది కాబట్టి ‘షార్ట్ క్రాస్’ అంటారు. దాని మీద హెన్రికస్ రెక్స్, అంటే హెన్రీ రాజు అని ఉంది. హెన్రీ అని చదవగానే పని అయిపోదు, ఎందుకంటే 1180 నుంచి 1247 వరకు ఆ పేరు మార్చనే లేదు, మధ్యలో రిచర్డ్, జాన్ రాజ్యం చేసినా నాణెం మీద మాత్రం హెన్రీయే. ఏ రాజు కాలానిదో తేల్చాలంటే తల పక్కనున్న ఉంగరాల జుట్టు, కిరీటం మీది చుక్కలు, అక్షరాల తీరు చూడాలి, వెనకవైపు శిలువ చుట్టూ ఉన్న రెండు పేర్లు చదవాలి, ఒకటి కొట్టించినవాడిది, రెండోది ఊరిది. ఈ తేడాలను బొమ్మలతో చూపించే పుస్తకం పక్కన లేకపోతే భూతద్దం ఉన్నా దేని కోసం చూడాలో తెలియదు.

మన దేశపు నాణేల్లోనూ ఇదే చిక్కు. షా ఆలం పేరు, ముర్షిదాబాద్ టంకశాల, 19వ పాలనా సంవత్సరం అని ఉన్న రూపాయి చూసి మొఘల్ పుస్తకం ఒక్కటే తెరిస్తే సగమే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ కలకత్తాలో ఏళ్ల తరబడి అదే 19 వేసి కొట్టించింది, కాబట్టి కంపెనీ నాణేల మీద ప్రిడ్మోర్ రాసింది కూడా చూడాలి. హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ తేదీతో ఇంకో టెన్షన్. 1000 అని ఉంటే అది మన లెక్కలో 1591-92. చాంద్రమాన సంవత్సరం పొట్టిది కాబట్టి ఏదో ఒక అంకె కూడేస్తే లెక్క సరిపోదు, పట్టిక చూడాల్సిందే.

అసలు డబ్బే కానివి కూడా వస్తాయి. పలుచటి ఇత్తడి బిళ్ల, ఒకవైపు నడుమ చిన్న గులాబీ, దాని చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీ పూలు ఒకటి విడిచి ఒకటి, రెండోవైపు మూడు వంపుల చట్రంలో శిలువ పెట్టిన గోళం. ఇది చేతిలో పడ్డవాళ్లంతా ఏదో రాజ్యం నాణెమే అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని రాజుల పేర్లన్నీ వెతికాను. అది జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చేసిన జెటాన్, గళ్ల బల్ల మీద జరుపుతూ లెక్కలు కట్టుకునే బిళ్ల. దాని అంచు మీద ఉండే హన్స్ క్రావింకెల్ అన్న పేరు రాజుది కాదు, చేసినవాడిది. నాణేల కేటలాగుల్లో ఇది ఎలా దొరుకుతుంది? జెటాన్ల మీద మిచినర్ 1988లో వేసిన పుస్తకం విడిగా ఉంది.

కాబట్టి పుస్తకం కంటే ముందు నాణేన్ని ఒక ప్రాంతానికి, ఒక వందేళ్లకు దగ్గర చేసుకోవాలి. గ్రాములో నూరో వంతు చూపించే కాటా మీద బరువు తీయండి, అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో కొలవండి, అక్షరాలు అర్థం కాకపోయినా ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద గీసుకోండి. దయచేసి తోమకండి, తోమితే పోయేది ఆ సన్నటి గీతలే. అంచు ఎగుడుదిగుడుగా ఉండి ముద్ర ఒక పక్కకు జరిగి ఉంటే సుత్తితో కొట్టింది అయి ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో 1662 నుంచి పూర్తిగా యంత్రాల మీదికి వెళ్లారు, మిగతా చోట్ల ఒక్కో చోట ఒక్కో కాలం.

ఏ పుస్తకం కావాలో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన దారి ఒకటుంది. మ్యూజియం వాళ్లో, వేలం వేసేవాళ్లో ఆన్‌లైన్‌లో పెట్టిన అలాంటి నాణెం ఒకటి వెతికి పట్టుకోండి. వివరాల చివర పొట్టి పొట్టి అక్షరాలు, పక్కన అంకెలు ఉంటాయి, ఎంఈసీ అనో, సీఎన్ఐ అనో. ఆ అక్షరాలే పుస్తకం పేరు. ఎంఈసీ అంటే మెడీవల్ యూరోపియన్ కాయినేజ్, గ్రియర్సన్, బ్లాక్‌బర్న్ కలిసి 1986లో మొదటి సంపుటం తెచ్చారు. సీఎన్ఐ అంటే ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయెల్ పేరున 1910 నుంచి వచ్చిన ఇటలీ నాణేల మహా సంకలనం, స్కాన్ చేసింది ఉచితంగా దొరుకుతుంది. ఇటాలియన్ రాదని భయపడక్కర్లేదు, వర్ణనలు అన్నీ ఒకే మూసలో ఉంటాయి, ఓ పాతిక మాటలు నేర్చుకుంటే చాలు.

మన వైపు సుల్తానుల నాణేలకు గోరన్, గోయెంకాల 2001 పుస్తకం, మొఘల్ వాటికి బ్రిటిష్ మ్యూజియం కోసం లేన్‌పూల్ 1892లో చేసిన కేటలాగ్. ఇస్లామిక్ నాణేలకు స్టీఫెన్ ఆల్బమ్ చెక్‌లిస్ట్ పీడీఎఫ్‌గా ఉంది, బొమ్మలు ఆశించకండి కానీ ఏ రాజుకు ఏ రకాలున్నాయో వరసగా తెలుస్తుంది. పాత పుస్తకాల్లో కొన్ని నాణేలు ఎవరివన్నది తర్వాతివాళ్లు మార్చారు, వాటిని కొత్త పుస్తకంతో సరిచూసుకోవాలి.

మీకు నా విన్నపం చిన్నదే. ఇకమీదట నాణెం వార్త వేసేటప్పుడు రెండు వైపుల ఫొటోలూ వేయండి, పక్కన స్కేలు పెట్టించండి, లోహం, బరువు, కొలత ఒక్క లైనులో రాయండి. ‘అరుదైన’ అన్న మాట తీసేస్తే ఆ లైనుకు చోటు దొరుకుతుంది.

ఇట్లు
మీ పాఠకుడు