పాత ఫైబర్ బోట్లు బాగు చేసుకునేటోళ్లకు

అన్నలూ, సాగర్‌ల నీళ్లు తగ్గి బోట్లు ఒడ్డుకెక్కినయి. అతుకులు వేసే ముందు ఇది చదువుండ్రి.

డెక్కంతా (బోటు పైతలం) సుత్తె కట్టెతోని తట్టి చూడాలె. టక్కుమంటే గట్టిది. మొద్దుగ మోగితే లోపల ప్లైవుడ్ కుళ్లినట్టే. అసొంటి చోట పైన ఎన్ని పొరలేసినా దండగ, కోసి తీయాల్సిందే.

అడుగున పగులు కాడ గ్రైండర్‌తోని చుట్టూ వాలుగ అరగదీయుండ్రి. మందం 5 మిల్లీమీటర్లుంటే వాలు వెడల్పు 60 మిల్లీమీటర్లు ఉండాలె. నిటారుగ కోసి పూస్తే అతుకు పెచ్చులెక్క ఊడొస్తది. అరగదీసినంక ఆడ పాలిథిన్ అంటించి ఎండల పెట్టుండ్రి. కింద చెమట పట్టిందంటే ఇంకా తడున్నది, రెసిన్ (అతుకుకు పూసే జిగురు ద్రవం) పట్టదు.

కిలో మ్యాట్‌కు (గాజు నారల చాపకు) రెండు, రెండున్నర కిలోల రెసిన్ పడతది. కోబాల్ట్ (గట్టిపడుడు జల్దీ చేసే మందు) ముందు రెసిన్‌ల బాగ కలిసినంకనే హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే మందు) పోయాలె. ఆ రెండూ నేరుగ కలిస్తే పేలుతయి! డబ్బాలు దూరం దూరం పెట్టుండ్రి, కండ్లద్దాలు మర్వకుండ్రి. మన ఎండకు హార్డెనర్ కిలో రెసిన్‌కు 10 గ్రాములు చాలు, ఎక్కువైతే డబ్బలనే గడ్డకడతది. పొద్దున 9 లోపల్నే పని ముగించాలె.

ఆఖరి జెల్ కోట్‌ల (పైన పూసే నున్నటి పూతల) మైనం ద్రావణం కలపకుంటే పైన జిగట పోదు.