గాజుల కోసం వచ్చిన అక్కకు కృతజ్ఞతలు

నిన్నటి నుంచి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాను. ఇప్పుడు రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోంది కాబట్టి ఇది రాసే ఓపిక వచ్చింది. గజిబిజిగా ఉంటే ఏమీ అనుకోకండి.

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేశాను. ఆక్సిజన్ ప్రెషర్ ఎక్కడ పడిపోతుందోనని రాత్రంతా మీటర్ వైపే చూస్తూ కూర్చున్న రోజులవి. చిత్రం ఏంటంటే, కేసులు తగ్గాకే నాకు మొదలైంది. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా మానిటర్ అలారమేమోనని ఉలిక్కిపడి లేచేదాన్ని. సెలైన్ ఎక్కించే సూది (కాన్యులా) పెట్టబోతే చేయి వణికేది. నర్సుకే ఇలా అయితే ఎలా అంటారని ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో ఒకామె వచ్చారు, శ్రీకాకుళం వైపు ఊరు. వాళ్లమ్మ మే చివర్లో మా దగ్గరే చనిపోయారు. ఆవిడ గాజులు నేనే తీసి, కొత్త గ్లవ్‌లో వేసి ముడికట్టి, ప్లాస్టర్ మీద బెడ్ నంబరు రాసి దాచిపెట్టించాను. వాటి కోసం వచ్చారన్నమాట. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటుంటే నా చేతిలోంచి పెన్ను జారిపోయింది. తిడతారనుకున్నాను, 'మీరే చంపేశారు' అన్నవాళ్లు ఎంతమందో. ఆమె పెన్ను తీసి ఇచ్చి, "సిస్టర్, వీడియో కాల్‌లో మా అమ్మకు ఫోన్ పట్టుకుంది మీరేనా?" అన్నారు. పీపీఈ కిట్‌లో నా ముఖం ఎప్పుడూ చూడలేదు, గొంతును బట్టి గుర్తుపట్టారు. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

మా ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంది. తెలిసినవాళ్లు చూస్తారని అటు అడుగు కూడా వేయలేదు నేను. ఆమె వెళ్లి లైన్లో నిలబడి నా పేరు మీద ఓపీ చీటీ రాయించుకొచ్చారు. డాక్టరు గది బయట బెంచీ మీద, ఆ గ్లవ్ ఒళ్లో పెట్టుకుని, నేను వచ్చేదాకా కూర్చున్నారు. బస్సు కూడా తప్పిపోయింది. తల్లి పోయి నెల తిరగలేదు ఆమెకు! అక్కా, ఆ రోజు మీ పేరైనా అడగలేదు. కేస్ షీట్‌లో మీ నంబరు ఉంటుంది, కానీ అందులోంచి తీసుకోవడం పద్ధతి కాదు. ఇది మీ కంటపడితే ఒక్క మెసేజ్ పెట్టండి.

అమ్మ, మా ఆయన, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు, వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 2020 మే 3న హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లినప్పుడు మాకూ కళ్లు చెమర్చాయి. కోవిడ్ డ్యూటీలో ప్రాణం పోతే 50 లక్షల బీమా అన్నారు, మంచిదే. బతికుండి మనసు చెదిరినవాళ్ల సంగతేంటి? ఆ సెప్టెంబరులో కేంద్రం మానసిక సమస్యలున్నవాళ్ల కోసం కిరణ్ అనే ఫోన్ హెల్ప్‌లైన్ పెట్టిందని, తెలుగులోనూ మాట్లాడతారని డాక్టరుగారు చెప్పేదాకా మా వార్డులో ఒక్కరికీ తెలియదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, సెలవు పెట్టిన రోజులకు జీతం కోసేశారు. 'స్ట్రెస్' అని రాసిన సర్టిఫికెట్ చూసి ఆఫీసులో నవ్వారు కూడా. ఐసీయూలో డ్యూటీ వేసేటప్పుడు మాత్రం కాంట్రాక్టా, పర్మనెంటా అని ఎవరూ చూడలేదు.

అయ్యో, ఆ డాక్టరుగారికే థాంక్స్ చెప్పలేదు. మందుల కంటే ముందు నా మాట పూర్తిగా విన్నారు మేడమ్. నా నైట్ డ్యూటీలు తను చేసిన ఫ్రెండ్‌కి, ఖాళీ చేయమని ఒక్కసారీ అనని ఇంటి ఓనర్ ఆంటీకి కూడా. ఇంకా కిట్ విప్పేటప్పుడు రోజూ వెనక జిప్ తీసిన ఆయమ్మకు. నీకూ నిద్ర పట్టట్లేదన్నావు కదా ఆయమ్మా, సోమవారం ఓపీకి నాతో రా, చీటీ నేను రాయిస్తాను.