నత్తను తిప్పి చూశాకే తొట్టిలో వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఉప్పునీటి అక్వేరియాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ‘పాచి పడితే నాలుగు నత్తలు వేస్తే సరి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంట్లో పగడాల తొట్టి పెంచుతున్నదాన్ని. ఏ నత్తలో చెప్పకుండా ఆ సలహా ఇవ్వకూడదు.

అమ్మేచోట ‘క్లీనింగ్ నత్తలు’ అంటూ అన్నీ ఒకే గిన్నెలో కలిపి పెడతారు. కొనేవాళ్ళు రంగు, చారలు చూసి ఏరుకుంటారు. నేనైతే పట్టకారుతో వెల్లకిలా తిప్పి పెంకు నోరు చూస్తాను. నోరు గుండ్రంగా, అంచు ఎక్కడా తెగకుండా ఉంటే చాలావరకు పాచి మేసే రకమే. అంచున కాలువలాంటి గాడి ఉంటే మాంసం వెతుక్కునేదని అనుమానించాలి. అన్నిటికీ ఈ లెక్క కుదరదనుకోండి. సెరిత్ అనే నత్తకు గాడి ఉన్నా పాచే తింటుంది, పైగా ఇసుకను కలియబెడుతుంది. నసారియస్ అనే రకం మాంసాహారే, అయినా మిగిలిపోయిన మేత, చచ్చిన చేప తింటుంది కాబట్టి మేలే. ఒంటినంతా ఇసుకలో దాచుకుని సన్నటి గొట్టం ఒక్కటే పైకి పెట్టి ఉంటుంది. రొయ్య ముక్క వాసన తగిలిందో, ఇసుక పగిలి నాలుగు వైపుల నుంచీ పరుగున వచ్చేస్తాయి. నత్తకు అంత వేగమా అనిపిస్తుంది! పాచి కోసం మాత్రం వాటిని కొనడం దండగ.

పాచికి ట్రోకస్ నత్తను మించింది లేదని నా అభిప్రాయం. పెంకు నోటిని మూసుకునే దాని మూత పల్చగా గోధుమరంగులో ఉంటుంది, టర్బో నత్త మూత రాయిలా మందం. ట్రోకస్ వెల్లకిలా పడ్డా తనే లేస్తుంది. ఆస్ట్రేయా నత్త చాలాసార్లు లేవలేక అలాగే పడి చస్తుంది. పెద్ద టర్బో అయితే రాయికి అంటించని పగడాలన్నిటినీ తోసేస్తుంది. మార్గరీటా నత్త చల్లటి నీటి ప్రాణి. 25, 26 డిగ్రీల తొట్టికి దాన్ని అమ్మడమే అన్యాయం.

అసలు టెన్షన్ బియ్యపు గింజంత తెల్ల నత్తలతోనే. లైట్లు ఆర్పాక టార్చితో చూడండి. కోసుగా పొడవుగా ఉండి, క్లామ్ (రెండు చిప్పల ప్రాణి) అంచునో పెద్ద నత్త పెంకు అంచునో గుంపుగా చేరితే అవి పిరమిడెల్లిడ్‌లు, ఆ ప్రాణుల రసం పీల్చేస్తాయి. వెంటనే ఏరేయాలి. పొట్టిగా గుండ్రంగా ఉండి అద్దం మీద తిరిగేవి కొలోనిస్టాలు, పాపం ఏ హానీ చేయవు. కంగారులో వీటినే ఎక్కువమంది చంపేస్తుంటారు.

ఇంకో మాట మీ వ్యాసంలో తప్పనిసరిగా ఉండాల్సింది. శంకు ఆకారంలో ఉండి, నోరు పొడవాటి సన్నని చీలికలా ఉన్న నత్తను చేత్తో ముట్టనే కూడదు. వాటిలో ఒక రకమైన కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు చనిపోయారు, దాని విషానికి విరుగుడు మందు లేదు. మీ అనుబంధాన్ని పిల్లలు కూడా చదువుతారు కదా.

మళ్ళీ ఈ విషయం మీద రాయిస్తే నత్తల ఫొటోలు పైనుంచి తీసినవే కాకుండా కిందివైపు నోరు కనిపించేవి కూడా వేయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు