తాళంచెవి నీ దగ్గరే ఉంది

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. వార్డు మెంబరుగా ఓడిపోయావని తెలిసిన రాత్రి ఫోను చేశాను గానీ నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నాను. నువ్వు ఓడిపోయినందుకు బాధపడ్డాను. కానీ కూలి పనుల నుంచి వచ్చే ఆడవాళ్లకు చెప్పే సాయంత్రం చదువు ఆపేశావని పిన్ని చెప్పినప్పుడు నా మనసు ఇంకా ఎక్కువ చివుక్కుమంది.

నేను బడిలో చరిత్ర చెప్పిన రోజుల నుంచీ ఆర్.హెచ్. టానీ అంటే నాకు గౌరవం. ఇంగ్లండు చరిత్రకారుడే గానీ, పుట్టింది 1880లో కలకత్తాలో. వాళ్ల నాన్న అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీ ప్రిన్సిపాలు, కథాసరిత్సాగరాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు. చిన్నప్పుడు నీకు చెప్పిన గుణాఢ్యుడి కథ గుర్తుందా? శాతవాహన రాజు కాదన్నాడని తన బృహత్కథను ఒక్కో ఆకూ చదువుతూ మంటల్లో వేశాడే, ఆ కథ అందులోదే.

టానీ 1908లో ఇంగ్లండులో మిల్లుల ఊరు రోచ్‌డేల్‌లోనూ, కుండల కార్ఖానాల ఊరు లాంగ్టన్‌లోనూ కార్మికులకు పాఠాలు మొదలుపెట్టాడు. ఒక గంట పాఠం, ఒక గంట చర్చ. పదిహేను రోజులకో వ్యాసం రాయాలి. ఇలా మూడేళ్లు! పగలంతా మిల్లులో నిలబడి వచ్చిన చేతులతో రాత్రిపూట దీపం ముందు కూర్చుని ఆర్థిక చరిత్ర మీద వ్యాసం రాయడం ఎంత కష్టమో, మీ తాతయ్య సంతకం నేర్చుకోవడం చూసిన నాకు తెలుసు. 1912లో వచ్చిన తన పుస్తకం ముందుమాటలో, పుస్తకాల్లో దొరకని విషయాలు నేతకార్మికులు, కుండల కార్మికులు, గని కార్మికులు తనకు నేర్పారని ఆయన రాసుకున్నాడు. గురువు అలా రాయడం నేను మరెక్కడా చూడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆఫీసరు హోదా వద్దని మామూలు సిపాయిగా చేరాడు. సార్జెంటయ్యాక, 1916 జూలై 1న ఫ్రాన్సులో సోమ్ దగ్గర జరిగిన యుద్ధంలో తూటా తగిలి, మర్నాటి దాకా ఆ పొలాల్లోనే పడి ఉన్నాడు. బతికి వచ్చి, 1918లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు పోటీ చేశాడు. ఎక్కడనుకున్నావు? రోచ్‌డేల్‌లోనే! తను పదేళ్ల కిందట పాఠాలు మొదలుపెట్టిన ఊరే గెలిపించలేదు. అది ఎంత గుచ్చుకుని ఉంటుందో నీకిప్పుడు నాకంటే బాగా తెలుసు. 1922లో సౌత్ టాటన్‌హామ్‌లో, 1924లో స్విండన్‌లో మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ ఓడాడు.

కార్మికుల చదువును మాత్రం వదల్లేదు. 1928లో అలాంటి పాఠాలు నడిపే కార్మికుల విద్యా సంఘానికే అధ్యక్షుడయ్యాడు. తర్వాత ప్రభువుల సభలో, అంటే ఎన్నిక లేకుండా పార్లమెంటు ఎగువ సభలో, చోటిస్తామంటే వద్దన్నాడు.

నిన్న సాయంత్రం కూడా ముగ్గురు పలకలు పట్టుకొచ్చి, తాళం చూసి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్లారట. పిన్ని చెప్పింది. తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా.

మీ అమ్మ