స్పష్టంగా రాయడం: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉపన్యాసాలు తగ్గించి, సభ్యులు నిజంగా రాస్తున్న కాగితాలనే ముందు పెట్టుకుని పనిచేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఏడాదంతా అలాగే నడిచింది. థీసిస్ సారాంశాలు, ప్రాజెక్టు రిపోర్టులు, క్లయింట్లకు వెళ్లే మెయిళ్లు, పైఅధికారికి పెట్టే నోట్లు, ఉద్యోగ దరఖాస్తులు అన్నీ మన బల్ల మీదికి వచ్చాయి. కార్యవర్గం తరఫున వాటి సంగతులు మీ ముందుంచుతున్నాను.

ముందుగా మన పద్ధతి గురించి కొత్త సభ్యులకు చెప్పాలి. ఒకరు రాసినదాన్ని, ఆ విషయంతో సంబంధం లేని మరో సభ్యుడు గట్టిగా చదువుతారు. చదివాక కాగితం పక్కన పెట్టి, తనకు ఏం అర్థమైందో సొంత మాటల్లో చెబుతారు. అంతవరకూ రాసినవారు నోరు మెదపకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అనాలనిపించిన ప్రతిచోటా ఒక గీత పెట్టుకోవాలి. ఆ తర్వాత గీతలు పడ్డచోటల్లా తిరగరాయాలి. మొదట్లో చాలామందికి టెన్షన్‌గానే ఉండేది. ఇప్పుడు వాళ్లే తమ కాగితం ముందు చదవమని అడుగుతున్నారు.

ఈ చదువుల్లో మాకు బాగా తెలిసివచ్చిన విషయం ఒకటుంది. రాత మసకబారడానికి భాష రాకపోవడం కారణమైన సందర్భాలు తక్కువ. ఏం చెప్పాలో తేల్చుకోకముందే రాయడానికి కూర్చోవడం వల్లే ఎక్కువ కాగితాలు చెడుతున్నాయి.

నేలలో తేమను కొలిచే సెన్సర్ల మీద పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని తన సారాంశం తెచ్చారు. మొదటి నాలుగు వాక్యాలూ నీటి ప్రాముఖ్యం గురించే. చివర "ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి" అని ఉంది. చదివిన సభ్యుడు "నీరు ముఖ్యమని అర్థమైంది" అన్నారు. ఇంతకీ ఏం తేలిందమ్మా అని అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పారు: "చవక సెన్సర్ ఇసుక నేలలో బాగానే పనిచేస్తోంది. బంకమట్టిలో మాత్రం తేమ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది." ఆ రెండు వాక్యాలూ అప్పటిదాకా సారాంశంలో ఎక్కడా లేవు. వాటిని పెట్టి, నేపథ్యాన్ని ఒక్క వాక్యానికి కుదించి, ఏ పద్ధతిలో కొలిచారో చేర్చగానే సారాంశం సగానికి తగ్గింది.

ఆఫీసు రాతల్లో జబ్బు వేరుగా కనిపిస్తుంది. "సదరు అంశము పరిశీలించబడి తగు చర్యలు త్వరలో తీసుకొనబడును" అని ఒక క్లయింటుకు వెళ్లబోయే జవాబు చూశాం. ఎవరు తీసుకుంటారు, ఏం చర్య, త్వరలో అంటే ఎప్పుడు? రాసిన సభ్యుడి దగ్గర వీటికి జవాబు లేదు, ఎందుకంటే వాళ్ల ఆఫీసులో ఎవరూ ఇంకా ఏమీ నిర్ణయించలేదు. ఆయన వెళ్లి అకౌంట్స్ వాళ్లతో మాట్లాడి వచ్చి ఇలా మార్చారు: "బిల్లులో వచ్చిన తేడాను మా అకౌంట్స్ విభాగం సరిచేస్తోంది. కొత్త బిల్లు శుక్రవారంలోగా మీకు పంపుతాం." ఇక్కడ కష్టపడాల్సింది వాక్యం దగ్గర కాదు, దాని వెనక ఉండాల్సిన నిర్ణయం దగ్గర. "బడు" క్రియలు కనిపించినప్పుడల్లా, పని చేసేదెవరని అడగడం మనవాళ్లకు ఇప్పుడు అలవాటైంది.

ఏడాది మొత్తంలో ఎక్కువ చర్చ జరిగింది కొలంబియా స్లయిడ్ మీద. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగివస్తూ విచ్ఛిన్నమై ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బను అంచనావేసి స్లయిడ్లు తయారుచేశారు. అందులో ఒక స్లయిడ్ శీర్షిక చూస్తే ధైర్యం కలుగుతుంది. అట్టడుగున చిన్న అక్షరాల్లో మాత్రం తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలని, అంచనాకు ఆధారంగా తీసుకున్న పాత పరీక్షల్లో వాడినది 3 ఘనపు అంగుళాలని ఉంది. అంటే 640 రెట్ల తేడా! ఆ పరీక్షల లెక్క దీనికి వర్తిస్తుందో లేదో తెలియదన్నదే అసలు కబురు, అదే చిట్టచివరికి పోయింది. ప్రమాదానికి ఆ స్లయిడే కారణమని ఎవరూ అనలేరు. అయినా సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట స్లయిడ్లతో సరిపెట్టడాన్ని దర్యాప్తు బోర్డు అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో తప్పుపట్టింది. ఆ చర్చ తర్వాత మన సభ్యులు చాలామంది తమ రిపోర్టుల చివరి పేరాను పైకి తెచ్చుకున్నారు.

స్పష్టమైన భాషపై 2023లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది, ఐఎస్ఓ 24495-1. చదివేవారికి కావలసింది దొరికిందా, దొరికింది అర్థమైందా, అర్థమైనదాన్ని వాడుకోగలిగారా అన్నదే దాని సారం. ఈ మూడు ప్రశ్నలతోనే మన పరిశీలన పత్రం తయారుచేశాం.

వాడుక మాటల్లో రాస్తే రాతకు గౌరవం తగ్గుతుందేమోనని కొందరు సభ్యులు సందేహపడ్డారు. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతినాడు, దీనిమీదే కూర్చుని మాట్లాడుకున్నాం. వాడుక భాషలో చదువు చెప్పాలని ఆయన వాదించినప్పుడు కూడా ఇలాంటి అభ్యంతరమే ఎదురైంది. అలాగని పారిభాషిక పదాలను తీసేయమని మేం చెప్పడం లేదు. పరిశోధనా పత్రం చదివే నిపుణుడికి ఆ పదమే సూటి దారి. అదే పదం క్లయింటు మెయిల్‌లో ఉంటే పక్కన ఒక వాక్యం వివరణ ఉండాలి.

ఏఐతో రాయించిన చిత్తుప్రతులు ఈసారి బాగా పెరిగాయి. వాక్యాలు నున్నగా ఉంటాయి, చదివి తిరిగి చెప్పమంటే మాత్రం చెప్పడానికి ఏమీ మిగలడం లేదు. అసలు లేని పత్రాలను ఆధారాలుగా చూపిన సందర్భాలూ కనిపించాయి. ఆ సాయం తీసుకోవడంపై కార్యవర్గానికి అభ్యంతరం లేదు. అయితే ప్రతి ఆధారాన్నీ రాసినవారే తెరిచి చదివి ఉండాలని నిర్ణయించాం.

పదకోశం పని సగంలో ఉంది, వచ్చే ఏడాదికి కొనసాగుతుంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అంకెలు, పట్టికలు ఉన్న రిపోర్టుల మీద ప్రత్యేక తరగతులు పెట్టాలని, దూరంగా ఉన్న సభ్యులను ఇద్దరిద్దరుగా జతచేసి ఒకరి రాత ఒకరు ఫోన్‌లో చదివేలా చూడాలని ప్రతిపాదిస్తున్నాం. వీటికి మీ ఆమోదం కావాలి.

వచ్చే సమావేశానికి కాగితం తెచ్చేవారు దానిపైన ఎవరు చదువుతారో, చదివాక వారేం చేయాలో రాసుకుని రండి. అది లేని కాగితాన్ని ఇకమీదట చదువుకు తీసుకోం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున