ఉద్దానం కుటుంబాలకు జీవిత బీమా ఎలా అందుతుంది?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ మంచినీరు, డయాలసిస్, పింఛను అన్న మూడు విషయాల చుట్టూనే తిరుగుతోంది. వాటి విలువ తక్కువది కాదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ చేయించుకుంటున్న వారికి నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. అయితే రోగి మరణించిన నాటితో ఆ పింఛను ఆగిపోతుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి తోటల్లోనూ, కొబ్బరి తోటల్లోనూ పనిచేసి ఇల్లు నడిపే వయసువారినే ఈ జబ్బు పట్టుకుంటోంది కనుక, వారు పోయిన తరువాత పిల్లల చదువు, ఉన్న అప్పులు ఏమవుతాయన్న ప్రశ్నకు సమాధానం కావాలి. మామూలుగా ఆ సమాధానం జీవిత బీమా. మా ప్రాంతంలో అది ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందడం లేదు.

బీమా సంస్థ పాలసీ ఇచ్చే ముందు వయసు, వృత్తి, పొగాకు అలవాటుతో పాటు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే పదార్థం), షుగరు, మూత్రంలో ప్రోటీన్, ఈసీజీ వంటి పరీక్షల ఫలితాలను చూస్తుంది. బీపీ, షుగరు అదుపులో ఉన్నవారికి తరచుగా అదనపు ప్రీమియం వేసి పాలసీ ఇస్తారు, కొందరిని కొన్నాళ్లు ఆగి మళ్లీ రమ్మంటారు, మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి మాత్రం సాధారణంగా నిరాకరిస్తారు. పాలసీదారులందరి సొమ్ముతో నడిచే నిధి కాబట్టి సంస్థలు లెక్క చూసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఫలానా కారణమని తేలని జబ్బుకు, పుట్టిన ఊరే శాపమైన మనుషులను ఒక్కొక్కరినీ విడివిడిగా తూచి పక్కన పెట్టడం న్యాయమని మాత్రం అంగీకరించలేను.

బీమా మీద పన్ను తగ్గింపు మాట ఎవరు ఎత్తినా చెప్పవలసింది ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీని తొలగించారు. మంచి నిర్ణయమే, కాని పాలసీయే దొరకనివాడికి పన్ను తగ్గి ప్రయోజనం లేదు.

బీమా ఇలా నిరాకరించడం వల్ల జరుగుతున్న మరో నష్టం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఈ వ్యాధి తొలి దశల్లో నొప్పిగాని, వాపుగాని కనిపించదు. రక్త, మూత్ర పరీక్షల్లోనే బయటపడుతుంది. అప్పుడే తెలుసుకుని బీపీని అదుపులో ఉంచుకుని, నొప్పి మాత్రలను ఇష్టానుసారం మింగడం మానితే మూత్రపిండాలను మరికొన్నేళ్లు కాపాడుకునే అవకాశం ఉంటుంది. కానీ "పరీక్ష చేయించుకుంటే కాగితం మీదికి ఎక్కిపోతాం, ఇక బీమా ఎవరిస్తారు" అని మా ఊళ్లో పాతికేళ్ల కుర్రవాళ్లు అంటుంటే విన్నాను. వైద్య శిబిరం పెట్టి పిలిచినా రానివారిలో ఈ భయం ఉన్నవారు కూడా ఉన్నారు.

ఆ భయాన్ని కొందరు ఏజెంట్లు మరో విధంగా వాడుకుంటున్నారు. ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా దరఖాస్తులో, ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నిటికీ వారే "లేదు" అని నింపి, సంతకం మాత్రం చేయమంటారు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో ఇంటి పెద్ద మరణించాక, అతను పాలసీకి ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్న చీటీని చూపించి ఒక సంస్థ క్లెయిమును తిరస్కరించింది. ఆ ఫారంలో ఏముందో భార్యకు అప్పటివరకూ తెలియదు.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో పాఠకులకు తెలియాలి. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షనును 2015లో సవరించారు. దాని ప్రకారం పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు (బీమా రక్షణ) మొదలైన తేదీ, ఆగిన పాలసీని పునరుద్ధరించిన తేదీ, రైడరు (అదనపు రక్షణ) చేర్చిన తేదీలలో ఏది చివరిదైతే దాని నుంచి మూడేళ్లు గడిచిన పాలసీని ఏ కారణం చూపి కూడా ప్రశ్నించడానికి వీల్లేదు. మూడేళ్లలోపు మోసం జరిగిందనిగాని, ముఖ్యమైన విషయం దాచారనిగాని చెప్పి తిరస్కరించవచ్చు. మోసం కాక కేవలం దాచడమే కారణమైతే కట్టిన ప్రీమియంను 90 రోజుల్లో తిరిగి చెల్లించాలి. పనుల కోసం చెన్నైకో, హైదరాబాదుకో వలస వెళ్లి, వాయిదాలు తప్పి, తిరిగి వచ్చాక పాలసీని బతికించుకునే వారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. పునరుద్ధరణతో మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని వారికి ఎవరూ చెప్పడం లేదు. అందుచేత ఉన్న జబ్బును ఉన్నట్టు రాయించండి, పాలసీతో పాటు ప్రపోజల్ నకలు అడిగి తీసుకుని చదివే పిల్లల చేత చదివించుకోండి. తప్పు కనబడితే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దనుకునే హక్కు కూడా ఉంది. క్లెయిము తిరస్కరిస్తే ముందుగా సంస్థకు ఫిర్యాదు చేసి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులను విచారించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

జబ్బు ఉన్నవారికి ఈరోజు తెరిచి ఉన్న దారి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన. బ్యాంకు ఖాతా లేదా పోస్టాఫీసు ఖాతా ఉండి, 18 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్నవారు వైద్య పరీక్ష లేకుండా చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయలు చెల్లిస్తే ఏ కారణంతో మరణించినా నామినీకి 2 లక్షలు అందుతాయి; కొత్తగా చేరినవారికి మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. మే నెలాఖరుకు ఖాతాలో ఆ సొమ్ము లేకపోతే రక్షణ ఆగిపోతుంది, మళ్లీ చేరితే ఆ 30 రోజుల నిబంధన మళ్లీ వర్తిస్తుంది. ఇంత ఉపయోగమున్న పథకానికీ రెండు లోపాలున్నాయి. 50 దాటినవారు కొత్తగా చేరలేరు, 55 ఏళ్లతో రక్షణ ముగుస్తుంది. పైగా 2015లో పథకం మొదలైనప్పుడు నిర్ణయించిన 2 లక్షలే నేటికీ కొనసాగుతున్నాయి.

అందువల్ల నా విన్నపం ఇది. ఉద్యోగులకు కంపెనీలు తీసుకునే సామూహిక బీమాలో, ఒక్కొక్కరికీ విడిగా వైద్య పరీక్షలు లేకుండానే అందరికీ రక్షణ కల్పించడం కొత్త విషయం కాదు. ఆ పద్ధతిలోనే రాష్ట్ర ప్రభుత్వం ఈ ఏడు మండలాల్లోని పెద్దవారందరినీ ఒకే బృందంగా తీసుకుని, ఆరోగ్యవంతులూ రోగులూ కలిసి ఉండేలా, ప్రీమియంలో సింహభాగం తానే భరిస్తూ కనీసం 5 లక్షల రూపాయల బీమా కల్పించాలి. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా అందులో ఉంటేనే సంస్థలకు లెక్క కుదురుతుంది, పరీక్షకు వెళ్లడానికి భయం కూడా పోతుంది. జిల్లాలోని శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యుడు పార్టీలకతీతంగా వచ్చే బడ్జెట్టుకు ముందే ఈ ప్రతిపాదనను ప్రభుత్వం ముందు ఉంచి, బీమా సంస్థల నుంచి ధరలు కోరాలని అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.